చేపల ఐసు పెట్టెకి చలి దీపం: పదకొండో తరగతి పిల్లల ప్రాజెక్టు డైరీ

పని ఇది. వీధిలో చేపలమ్మే ఆవిడ థర్మాకోల్ పెట్టెలో చలి తగ్గితే ఎర్రదీపం మెరవాలి. ఫోను అక్కర్లేదు, ఛార్జింగు అక్కర్లేదు, తడిచేత్తో పట్టుకున్నా పాడవకూడదు. చేసింది మా బడిలో డిజైన్, డిజిటల్ టెక్నాలజీ చదువుతున్న పదకొండో తరగతి పిల్లలు ఆరుగురు. నేను వాళ్ళ మేస్టార్ని. ఆగస్టులో మొదలుపెట్టి జనవరి ఆఖరుకి ఇక్కడికి వచ్చాం. మాకు పోయిన రోజులు ఇంకో బడి పిల్లలకి పోకూడదని నోటుబుక్కులోవి ఉన్నవి ఉన్నట్టు పెడుతున్నాను.

3డి ప్రింటరు, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు మా బడిలోని అటల్ టింకరింగ్ ల్యాబులోవి, అంటే పిల్లలు వస్తువులు తయారుచేసి చూసే గదిలోవి. వాటి ధర లెక్కలో వేయలేదు. కిందున్న గంటలు ఆరుగురూ కలిసి కూర్చున్న గంటలు. ఒక్కొక్కరు ఇంటి దగ్గర చేసినవి రాయలేదు.

దశ 1: బోర్డు ముట్టుకోకముందు పెట్టె (ఆగస్టు)

మొదటి రోజే పిల్లలు సెన్సరు కొందామన్నారు. నేను ఒప్పుకోలేదు. పెట్టెలో ఐసు ఎందుకు కరుగుతుందో తెలియకుండా దానికి దీపం పెట్టి ఏం లాభం? నేను ఏళ్ళుగా చేపలు కొనే పిన్ని ఒకావిడ ఉన్నారు. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాటలో సరుకు తీసుకుని, ఎనిమిదింటికల్లా మా కాలనీ మలుపులో పెట్టె దించుతారు. ఆవిడ పెట్టె లాంటివే రెండు కొన్నాం. బయట కొలత 60×40×35 సెంటీమీటర్లు, గోడ మందం 25 మిల్లీమీటర్లు.

కాగితం మీద లెక్క: థర్మాకోల్ ఉష్ణవాహకత, అంటే వేడిని తనలోంచి పోనిచ్చే గుణం, సుమారు 0.034 (మీటరుకి, డిగ్రీకి వాట్లలో). గోడల వైశాల్యం లోపలా బయటా సగటు తీస్తే 1.05 చదరపు మీటర్లు. లోపల 0 డిగ్రీలు, బయట 30. అంటే గోడల్లోంచి లోపలికి వచ్చే వేడి దాదాపు 43 వాట్లు, గంటకి 154 కిలోజౌళ్ళు. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ళు కావాలి. కాబట్టి మూత తీయకుండా ఉంచినా గంటకి 460 గ్రాముల ఐసు పోవాల్సిందే. ఫిజిక్సు క్లాసులో గుప్తోష్ణం (కరగడానికే పట్టే వేడి) అని బట్టీ పట్టిన మాటకి బరువు ఉందని ఆ రోజు వాళ్ళకి తెలిసింది.

తూకం వేసిన పద్ధతి:
1. ఐసుని వంటింటి కాటా మీద తూచి పెట్టెలో వేయాలి.
2. నాలుగు గంటల తర్వాత జల్లెట్లో వేసి, నీరు ఓడ్చి, మళ్ళీ తూచాలి.
3. మూత ఎన్నిసార్లు తీశారో పక్కన కూర్చుని గీతలు పెట్టాలి.

ల్యాబులో మూత తీయని పెట్టెలో నాలుగు గంటల్లో 2.1 కిలోలు కరిగింది. లెక్క ప్రకారం 1.85 రావాలి. మూత సరిగా అతకని చోట మిగతాది పోయిందనుకున్నాం. పిన్ని పెట్టెలో అదే నాలుగు గంటల్లో 3.8 కిలోలు. అందులో పది కిలోల చేపని 8 డిగ్రీల నుంచి సున్నాకి దించడానికి 860 గ్రాములు ఖర్చవుతుంది. ఇంకా 800 గ్రాముల పైన లెక్కకి రాలేదు. ఆ నాలుగు గంటల్లో పెట్టిన గీతలు 71. అంటే మూడున్నర నిమిషాలకోసారి మూత లేచింది.

ఈ 71 అంకెని పిల్లలు బోర్డు మీద రాసి వదిలేశారు. దాని సంగతి దశ 6లో.

ఇప్పటిదాకా: 14 గంటలు, రూ. 820 (పెట్టెలు 640, ఐసు 180).

దశ 2: సెన్సరు చెప్పిన అబద్ధాలు (సెప్టెంబరు మొదటి సగం)

ప్రోగ్రాం ఎక్కించుకునే చిన్న బోర్డు ఆర్డ్యునో నానో, స్టీలు గొట్టంలో ఉండి వేడిని కొలిచే డీఎస్18బీ20 సెన్సర్లు మూడు, అంకెలు చూపించే చిన్న ఓలెడ్ తెర. తీగలు: ఎరుపు కరెంటుకి, నలుపు గ్రౌండుకి, పసుపు డేటాకి. ఎరుపుకీ పసుపుకీ మధ్య 4.7 కిలో ఓమ్స్ రెసిస్టరు తప్పకుండా ఉండాలి.

తెర మీద మొదట వచ్చిన అంకె 85. ఐసులో పెట్టినా 85, చేతిలో పట్టుకున్నా 85. సెన్సరు పాడైందని ఇద్దరు తీర్మానించేశారు. పాడవలేదు. ఈ సెన్సరు కరెంటు అందుకోగానే తన దగ్గర ఉంచుకునే అంకె 85. కొత్తగా కొలవడానికి దానికి ముప్పావు సెకను, అంటే 750 మిల్లీసెకన్లు పడుతుంది. మావాళ్ళు ప్రోగ్రాం చురుగ్గా నడవాలని ఆ ఆగడాన్ని తీసేశారు. తిరిగి పెట్టగానే సరైంది.

మర్నాడు మైనస్ 127. ఇది చలి కాదు, తీగ ఊడింది అని చెప్పడానికి లైబ్రరీ (సెన్సరుని చదివే రెడీమేడ్ ప్రోగ్రాం) ఇచ్చే అంకె. బ్రెడ్‌బోర్డులో, అంటే సోల్డర్ లేకుండా తీగలు గుచ్చే పలకలో, రెసిస్టరు కాలు వదులుగా ఉంది. ప్రోగ్రాంలో ఒక వరస చేర్చాం: 85 గానీ మైనస్ 127 గానీ వస్తే దాన్ని వదిలేసి మళ్ళీ అడగాలి, వరసగా ఐదుసార్లు వస్తే రెండు దీపాలూ కలిపి వెలిగించాలి. ఇది మీరు మొదటి రోజే పెట్టుకోండి.

తర్వాత సున్నా సరిచూడడం. ఇందులో మూడు రోజులు పోయాయి.

మొదటి రోజు ఫ్రిజ్‌లోంచి తీసిన ఐసు ముక్కల్లో సెన్సరు గుచ్చారు. మైనస్ 3 చూపించింది. ఫ్రిజ్ ఐసు సున్నా కన్నా చల్లగానే ఉంటుంది, అది కరగడం మొదలెడితేనే సున్నా. రెండో రోజు హార్బర్ నుంచి తెచ్చిన ఐసు వాడారు, మైనస్ 1.8. చేపల మధ్య తిరిగిన ఆ ఐసుకి ఉప్పునీరు అంటి ఉంది, ఉప్పు కలిస్తే ఐసు కరిగే ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగుతుంది. మూడో రోజు సరిగా చేశాం:

1. మంచినీటి ఐసుని గుడ్డలో చుట్టి నలగ్గొట్టాలి.
2. ఫ్లాస్కు నిండా వేసి, సందులు నిండేదాకా చల్లటి మంచినీళ్ళు పోయాలి.
3. సెన్సరు అడుక్కి తగలకుండా మధ్యలో వేలాడదీయాలి.
4. కలుపుతూ పది నిమిషాలు ఆగి చదవాలి.

మూడు సెన్సర్లు చూపించినవి: 0.1, 0.4, 1.3. కంపెనీ చెప్పే తేడా అటూ ఇటూ అర డిగ్రీ. మూడోది ఆ హద్దు దాటింది. ఈ సెన్సరుకి నకళ్ళు బజారులో చాలా తిరుగుతున్నాయి, మాకు వచ్చింది నకలే అయుండాలి. దాని తీగకి ముడి వేసి పక్కన పెట్టాం. ముడి ఎందుకంటే, మామూలుగా పక్కన పెట్టిన వస్తువు వారం తిరిగేసరికి మళ్ళీ ఎవరో ఒకరి చేతిలోకి వస్తుంది.

ఇప్పటిదాకా: 32 గంటలు, రూ. 1,830.

దశ 3: పిన్ని చూసిన చూపు (సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు)

తెర మీద 2.4 డిగ్రీలు అని చక్కగా వస్తోంది. పట్టుకెళ్ళి చూపించాం. పొద్దున్న తొమ్మిదింటి ఎండ. తెర నల్లగా కనిపిస్తోంది తప్ప అంకె లేదు. పిల్లలు చెయ్యి అడ్డం పెట్టి చూపించారు. పిన్ని ముఖం దగ్గరికి తెచ్చి చూసి, "ఈ అంకెలు నాకేటికి బాబూ? ఐసు సాలుద్దో నేదో సెప్పు సాలు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ చేతులు చూశాను. వేళ్ళ చివర్లు తెల్లగా నానిపోయి, బొటనవేలి మీద పొలుసు ఒకటి అతుక్కుని ఉంది. ఆ చేతులతో ఏ మీటా నొక్కలేరు. అంకెల్ని బ్లూటూత్‌తో ఫోనుకి పంపాలని మా దగ్గర సిద్ధంగా ఉన్న ఆలోచన అక్కడితో ఆగింది. దాని కోసం రెండు వారాలు ప్రోగ్రాం రాసిన కుర్రాడు బాధపడ్డాడు, నాకూ బాధేసింది. కానీ తీసేయమన్నాను.

తెర పోయి రెండు దీపాలు వచ్చాయి. అవీ ఎండలో కనబడలేదు. నల్లటి ప్లాస్టిక్ గొట్టం ముక్క, 20 మిల్లీమీటర్లు, దీపానికి తొడిగాం. లోపల చీకటిగా ఉండి మూడు మీటర్ల దూరం నుంచి మెరుపు తెలుస్తోంది. మా ఆరుగురిలో ఒకరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. అది ఈ పనిలోనే బయటపడింది. అందుకని రంగు మీదే ఆధారపడకుండా, ఆకుపచ్చ ఎడమవైపు నెమ్మదిగా ఒక మెరుపు, ఎరుపు కుడివైపు గబగబా రెండు మెరుపులు అని మార్చాం.

సెన్సరు ఎక్కడ పెట్టాలి? దీనికి పట్టిన సమయం వృథా కాలేదు. మొదట అడుగున పెట్టాం. రోజంతా 0.3 దాటలేదు, ఎందుకంటే అడుగున ఐసు నీరు నిలుస్తుంది. పైన చేప వేడెక్కినా దీపం ఆకుపచ్చే. సరైన సెన్సర్లు ఇంకా రెండే ఉన్నాయి కాబట్టి ఒకటి అడుగున ఉంచి, రెండోదాన్ని పొద్దున్న మధ్యలో, మర్నాడు పైన పెట్టి చూశాం. మూడు గంటల తర్వాత:

అడుగు: 0.3
మధ్య: 1.9
పై వరస: 7.4

ఒకే పెట్టె, మధ్యలో జానెడు ఎత్తు తేడా. చివరికి ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర, గోడకి ఆనకుండా, చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ పట్టీకి కట్టాం. గోడకి ఆనిస్తే బయటి వేడి కలిసి అర డిగ్రీ ఎక్కువ చూపిస్తోంది.

హద్దు 4 డిగ్రీలు పెట్టాం. కానాగంత, ట్యూనా జాతి చేపల్లో చలి తగ్గితే హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది, అది వండినా పోదు. తిన్నవాళ్ళకి ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. వాసన చూసి పట్టుకోవడం కూడా కష్టం. బయాలజీ చదివే అమ్మాయి ఈ సంగతి తెచ్చాక పిల్లల పని తీరు మారింది.

కానీ మూత తీసినప్పుడల్లా నాలుగు దాటి ఎరుపు మెరిసేది. రెండో రోజు వెళ్ళేసరికి దీపం మీద గుడ్డ కప్పి ఉంది. "రోజంతా ఎర్రగా మెరుత్తుంటే ఎవులు సూత్తారు మేస్టారూ?" అన్నారు పిన్ని. ఆ మాట నిజం. వరసగా పది నిమిషాలు 4 దాటి ఉంటేనే ఎరుపు అని మార్చాం. ఆ మర్నాటి నుంచి ఎరుపు రోజుకి ఒకటో రెండోసార్లు. మెరిసినప్పుడు ఆవిడ లేచి ఐసు పైకి తిరగేస్తున్నారు. తిరగేస్తే చాలు, కొత్త ఐసు అక్కర్లేదని ఎక్కువసార్లు తేలింది.

మధ్యలో అల్పపీడనం వచ్చి బోట్లు వేటకి వెళ్ళలేదు. నాలుగు రోజులు పని ఆగింది.

ఇప్పటిదాకా: 48 గంటలు, రూ. 2,100.

దశ 4: సెల్లు (నవంబరు మొదట్లో)

నానో, తెర కలిపి 24 మిల్లీఆంప్స్ తాగేవి. మూడు పెన్సిల్ సెల్లు ఒకటిన్నర రోజు. తెర తీసి, బోర్డుని నిద్రపుచ్చినా 7 మిల్లీఆంప్స్. కారణం బోర్డు మీదున్న యూఎస్‌బీ చిప్పు, ఎప్పుడూ వెలిగే చిన్న దీపం. అవి నిద్రపోవు.

1. 3.3 వోల్టుల ప్రో మినీ అనే ఇంకో ఆర్డ్యునో బోర్డుకి మారాం. దీనికి యూఎస్‌బీ ఉండదు, ప్రోగ్రాం ఎక్కించడానికి విడిగా కన్వర్టరు కావాలి.
2. బోర్డు మీది పవర్ దీపాన్ని ఐరన్‌తో పీకేశాం.
3. చిప్పులోనే ఉండే వాచ్‌డాగ్ టైమరు అనే గడియారంతో బోర్డుని 8 సెకన్లకోసారి లేపుతున్నాం. అంతకన్నా ఎక్కువ ఈ చిప్పులో కుదరదు. నాలుగుసార్లు లేచాక ఒకసారి కొలత.

సగటు 0.24 మిల్లీఆంప్స్‌కి దిగింది. చవక సెల్లుకి 800 మిల్లీఆంప్ గంటలు అనుకున్నా నాలుగు నెలల పైమాటే. నవంబరు మధ్యలో వేసిన సెల్లు జనవరి ఆఖరుకి 4.7 వోల్టుల నుంచి 4.3కి వచ్చాయి.

లిథియం సెల్లు వద్దన్నాను. నీళ్ళూ ఉప్పూ తగిలే చోట, మేం పక్కన లేని చోట, అది పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

పోయినది: మల్టీమీటరు ఫ్యూజు ఒకటి. కరెంటు కొలిచిన తీగని అదే రంధ్రంలో ఉంచి వోల్టేజి కొలిచారు. పది రూపాయలు, ఒక మధ్యాహ్నం.

ఇప్పటిదాకా: 59 గంటలు, రూ. 2,600.

దశ 5: డబ్బా, ఉప్పుగాలి (నవంబరు, డిసెంబరు)

పిల్లలు 3డి ప్రింటరులో అందమైన డబ్బా గీశారు. మూల మూలకీ వంపు, దీపాలకి గొడుగులు. ప్రింటుకి 3 గంటల 40 నిమిషాలు. మొదటి రెండూ వెంట్రుకలు వేలాడినట్టు దారాలతో వచ్చాయి, ప్రింటరు ముక్కు దగ్గర చిటపట శబ్దం. ప్రింటరులో కరిగే ప్లాస్టిక్ తీగ చుట్ట వారం రోజులు బయట ఉంది, మన ఊరి గాలిలో తేమ అంతా పీల్చింది. 50 డిగ్రీల దగ్గర ఐదు గంటలు ఆరబెట్టాక మూడోది శుభ్రంగా వచ్చింది. అప్పటి నుంచి చుట్టని సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెడుతున్నాం.

ఆ మూడో డబ్బాని స్కూటర్ డిక్కీలో పెట్టి, ఎండలో మధ్యాహ్నం దాకా ఉంచాను. తప్పు నాదే. మూత వంగిపోయింది. మేం ప్రింటుకి వాడే ప్లాస్టిక్ పీఎల్‌ఏ, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పిన్ని పెట్టె ఎండలోనే ఉంటుంది కాబట్టి, ఇది అక్కడ జరగకుండా ముందే బయటపడినందుకు నయమే. చివరికి రబ్బరు అంచున్న పాత్రల కొట్టు డబ్బా, 35 రూపాయలది, తీసుకున్నాం. ప్రింటరు లేని బడి కూడా ఇది చేయగలదు. గీసిన అమ్మాయి డ్రాయింగులు దాచాం, గొట్టం పట్టే క్లిప్పు మాత్రం అందులోంచే వాడుతున్నాం.

మూడు వారాల తర్వాత దీపాలు రెండూ కలిపి వెలగడం మొదలైంది. అంటే తీగ ఊడినట్టు. డబ్బా విప్పితే తీగలేవీ ఊడలేదు. పిన్నుల మీద ఆకుపచ్చ పొడి. గోరుతో గీస్తే రాలింది, కింద రాగి గులాబీరంగులో కనబడింది. ఉప్పుగాలి సాకెట్టులో దూరి రాగిని తినేసింది. మార్పులు:

1. సాకెట్లు, జంపర్ తీగలు పూర్తిగా తీసేసి ప్రతి అతుకూ సోల్డర్ చేశాం.
2. బోర్డుకి రెండు పూతలు రంగులేని గోళ్ళరంగు. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. రీసెట్ మీట, ప్రోగ్రాం పిన్నులు వదిలేయాలి.
3. తీగ డబ్బాలోకి వెళ్ళే రంధ్రం కింది వైపు ఉండాలి, బయట తీగకి ఒక వంపు ఇవ్వాలి. నీటి బొట్టు ఆ వంపు దగ్గర రాలిపోతుంది.
4. రంధ్రానికి, సెన్సరు గొట్టం మొదటికి ఎం-సీల్.

ఇది చేసి ఏడు వారాలు. విప్పి చూసిన రెండుసార్లూ పచ్చదనం లేదు.

ఇప్పటిదాకా: 84 గంటలు, రూ. 2,995.

దశ 6: 71 సార్లు లేచిన మూత (జనవరి)

దీపం పనిచేస్తోంది. కానీ బోర్డు మీద 71 అలాగే ఉంది. మూతంతా తీయాల్సిన పనేముంది, సగం తీస్తే చాలదా అని ఒక పిల్ల అడిగింది. ఒక మూతని అడ్డంగా రెండు చేశాం.

చాకుతో కోస్తే థర్మాకోల్ గింజలు రాలాయి. అవి చేపలో కలిస్తే పనికిరాదు. వేడి తీగతో కోస్తే అంచు కరిగి నున్నగా మూసుకుంటుంది. పొగ మంచిది కాదు, కిటికీలు తీసి, పెద్దవాళ్ళు పక్కన ఉండి చేయాలి. నిటారుగా కోసిన మూతకి రెండు ముక్కల మధ్య సందు పడింది. ఏటవాలుగా, 45 డిగ్రీల్లో కోస్తే తన బరువుకి తనే కూర్చుంది. రెండు ముక్కల్నీ వెడల్పు ప్యాకింగ్ టేపుతో మడతబందులా కలిపాం.

మొదటి రోజు పిన్ని దగ్గర 2.7 కిలోలే కరిగింది. ఆగస్టులో 3.8. పిల్లలు గంతులేశారు. నోటుబుక్కు తెరవమన్నాను. ఆగస్టు రోజు 30 డిగ్రీలు, 71 సార్లు. ఈ రోజు 26 డిగ్రీలు, మబ్బు, 58 సార్లు. ఈ పోలిక చెల్లదు. కొట్టేసి, డాబా మీద నీడలో రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి, ఒకే బరువు ఐసుతో, చేపలు లేకుండా, గడియారం చూసి 71 సార్లు తీశాం. మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు, ఇద్దరిద్దరు వంతులు వేసుకుని.

పూర్తి మూత: 2.9, 3.2, 3.0 కిలోలు
సగం మూత: 2.4, 2.6, 2.5 కిలోలు

నాలుగు గంటలకి అర కిలో ఐసు మిగులుతోంది. ఈ ఆరు అంకెలు నాకు దీపం కన్నా ఎక్కువ తృప్తినిచ్చాయి, ఎందుకంటే నచ్చిన 2.7ని పిల్లలు తమ చేత్తోనే కొట్టేసి వీటిని సంపాదించారు.

ఇప్పటిదాకా: 99 గంటలు, రూ. 3,355.

ఒక్కటి చేసుకోవాలంటే

ప్రో మినీ 230, సెన్సరు 120, సెల్లు, హోల్డరు 110, డబ్బా 35, దీపాలు, రెసిస్టర్లు, గొట్టం 30, ఎం-సీల్, గోళ్ళరంగు వాటా 50. మొత్తం రూ. 575. కన్వర్టరు 150 విడిగా, అది బడికి ఒక్కటి చాలు. సెన్సర్లు కావలసిన దానికన్నా ఒకటి ఎక్కువ కొనండి, ఐసు నీళ్ళలో పరీక్ష అయ్యాకే సోల్డర్ చేయండి.

మిగిలిన పనులు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. అంతకుముందే పిల్లలకి పరీక్షలు. కాబట్టి రెండో పెట్టె ఫిబ్రవరిలోనే ఇచ్చేయాలి.

టేపు మడతబందు పన్నెండో రోజుకి చిట్లింది. చేప జిగురు తగిలి టేపు అంటుకోవడం లేదు. పాత సైకిల్ ట్యూబు పట్టీని రబ్బరు జిగురుతో అతికి చూస్తున్నాం, ఆ జిగురు థర్మాకోల్‌ని తినకుండా చూడాలి. చెక్కముక్క మీద పరీక్షించి లాభం లేదు, థర్మాకోల్ ముక్క మీదే పూయాలి. మొదటి జిగురు గుంట పెట్టింది, రెండోది ఇప్పటికి నాలుగు రోజులు ఆగింది.

నిన్న పిన్ని మూత తిప్పి పెట్టమన్నారు. ఆవిడ కత్తి పట్టేది ఎడమ చేత్తో, మూత తెరుచుకునేది కూడా అటే. 71 గీతలు పెట్టిన ఏ రోజూ మాలో ఎవరమూ ఆ చెయ్యి ఏదో రాసుకోలేదు. సోమవారం మడతబందు కుడివైపుకి మారుస్తున్నాం. దాంతోపాటు ఎర్రదీపం గొట్టం కూడా ఎడమకి రావాలి, లేకపోతే తెరిచిన మూత దానికి అడ్డం వస్తుంది.